గర్భిణీ స్త్రీ – గృహహింస – ప్రసూతి వైద్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)

  

గ్రంథాలయ వార్షికోత్సవములలో విద్యను గూర్చియు, వ్యవసాయమును గూర్చియు, పురాణేతిహాసములను గూర్చియు ప్రసంగములు జరుగుట పరిపాటి. నేటి విషయము సభలలో తఱచుగా వినబడునది కాదు. ఇండ్లలో మాత్రము వినబడుచునే యున్నది. ప్రక్కయింటివారికిని వినబడుచున్నది, విన్నవారు తమ తలుపు వేసికొనుచున్నారు. గర్భవతియైన స్త్రీని ఇంటిలోనివారే కొట్టుట, తిట్టుట, పస్తు పెట్టుట, బెదరించుట అను దుష్కృత్యమును ప్రసూతి వైద్యము ఎట్లు ఎదుర్కొనుచున్నదో, ఎట్లు ఎదుర్కొనవలసియున్నదో తెలుపుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

తెలుగు ఇండ్లలో చూలాలికి జరుగు మర్యాద తక్కువది కాదు. వేవిళ్ళనాడు కోరినది తెచ్చి పెట్టుదురు. తల్లి చలిమిడి తెచ్చి ఒడిలో పెట్టును. ముత్తయిదువలు గాజులు తొడుగుదురు. సీమంతము చేయుదురు. ఆయుర్వేద గ్రంథములు నాల్గవ మాసము మొదలు గర్భిణిని 'దౌహృదిని' యని పిలిచినవి. తనదొకటి, బిడ్డది యొకటి, రెండు హృదయములు కలది యని దాని అర్థము. ఆమెకు భయముగాని దుఃఖముగాని కలుగనీయరాదని ప్రాచీన వైద్యులు శాసించిరి. ఇన్ని వేడుకలు జరిగిన యింటిలోనే, గాజులు తొడిగిన ఆ చేతిమీదనే వాతలు తేలుచున్నవనిన నమ్మ మనసొప్పదు. మనసొప్పకపోవుటయే ఈ విషయము మరుగున పడియుండుటకు మొదటి కారణము.

లెక్కలు చూతము. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారము, మన దేశమున 18 మొదలు 49 ఏండ్ల వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి 29.3 మంది భర్తవలన శారీరకముగనో లైంగికముగనో హింస ననుభవించినవారు. గర్భముతో నున్నపుడు దెబ్బలు తిన్నామని చెప్పినవారు నూటికి 3.1. ఈ రెండవ సంఖ్య చిన్నదిగా తోచవచ్చును. కాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ప్రతినెల 9వ తేదీన గర్భిణుల పరీక్ష జరుగుచున్నది. 2016 నుండి నడచుచున్న ఏర్పాటిది. ఆనాడు అచటి బల్లలమీద ముప్పదిమంది కూర్చుండియున్నచో, ఈ లెక్కను బట్టి వారిలో ఒక్కరైన దెబ్బ తిన్నవారుందురు. ఆమె ఎవరో ఎవరికిని తెలియదు. ఆమె కూడ ఇతరులవలెనే బరువు తూగి, రక్తమిచ్చి, ఇనుపమాత్రలు పుచ్చుకొని ఇంటికి పోవును.

పైగా, ఆ 3.1 అనునది ఇంటింటికి వచ్చిన గణకులకు చెప్పిన మాట. బొంబాయి నగరములోని రెండు ప్రభుత్వ ఆస్పత్రులలో, గర్భిణుల పరీక్షకు వచ్చిన సుమారు రెండున్నర వేలమందిని శిక్షణ పొందిన సలహాదారులు ఏకాంతమున అడిగి చూడగా, ఆ గర్భసమయములోనే హింసకు లోనైనామని నూటికి సుమారు 16 మంది చెప్పిరి. 2019లో ఈ పరిశోధన ప్రకటింపబడినది. ఈ రెండు లెక్కలు ఒకే త్రాసులో తూచదగినవి కావు. మొదటిది దేశమంతటిది, దెబ్బలను మాత్రమే లెక్కించినది. రెండవది ఒక్క నగరములోనిది, తిట్లను బెదరింపులను కూడ చేర్చుకొన్నది. అయినను అడుగు మనిషి, అడుగు చోటు, అడుగు తీరు మారినపుడు సమాధానము మారునను సంగతి గమనింపదగియున్నది. ఈ ప్రసంగములో మిగిలిన దంతయు ఈ ఒక్క సంగతి చుట్టునే తిరుగును.

ముందుగా దెబ్బవలన కలుగు వైద్యసంబంధమైన ప్రమాదమును తెలిసికొనుట మంచిది. ఇది భార్యాభర్తల తగవు మాత్రమేనని అనుకొనువారు ఈ భాగమును శ్రద్ధగా విందురుగాక. కడుపుమీద తగిలిన దెబ్బకు మాయ గర్భాశయపు గోడనుండి విడివడవచ్చును. అట్లయినపుడు రక్తము బయటకు వచ్చుట యొక విధము. లోపలనే నిలిచిపోవుట మరియొక విధము. రెండవది మిక్కిలి మోసకరమైనది. పైకేమియు కనబడదు, కడుపు మాత్రము రాయివలె బిగిసి నొప్పి పెట్టును, బిడ్డ కదలిక మందగించును. నెలలు నిండవచ్చిన స్త్రీకి కడుపుమీద దెబ్బ తగిలినపుడు, పైకి ఆరోగ్యముగా కనబడినను, కనీసము నాలుగు గంటలసేపు ఆస్పత్రిలోనుంచి బిడ్డ గుండెచప్పుడును కనిపెట్టి చూడవలెనని వైద్యులు చెప్పుదురు. తల్లి రక్తము ఆర్.హెచ్. నెగటివు జాతికి చెందినదైనచో మరియొక చిక్కు కలదు. దెబ్బవలన బిడ్డ రక్తము కొంచెము తల్లి రక్తములో కలిసినను, తరువాతి కాన్పులలో బిడ్డకు ప్రాణాపాయము రావచ్చును. దానిని నివారించుటకు 'యాంటీ-డి' అను సూదిమందు 72 గంటలలోపల వేయవలెను. ఆ స్త్రీ "మెట్లమీద కాలు జారింది" అనియో, దెబ్బ మాటే యెత్తక "కాస్త నడుము నొప్పి" అనియో చెప్పినచో ఆ సూది వేయవలెనని ఎవరికి తోచును? దాచిన మాటకు మూడు దినములలో గడువు తీరిపోవును.

కడుపుమీద తగిలిన దెబ్బ యొక్కటియే హాని చేయుననుకొనరాదు. నిత్యభయములో నున్న స్త్రీకి నిద్ర యుండదు, తిండి సహింపదు. తిండి పెట్టని యిండ్లును కలవు. గర్భస్రావములు, నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువుగల బిడ్డలు, కాన్పు తరువాతి మనోవ్యాధి, ఇవి యన్నియు హింస ననుభవించిన తల్లులలో ఎక్కువగా కనబడుచున్నవని అనేక దేశముల పరిశోధనలు తెల్పుచున్నవి. ఆడపిల్ల పుట్టునేమో యను అనుమానముతో మొదలగు వేధింపు మన దేశమున ప్రత్యేకమైన దుర్గుణము. గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పుటను 1994 నాటి చట్టము నిషేధించినది. ఆ చట్టము ఆస్పత్రి తలుపువరకే పనిచేయును, ఇంటిలోని నోటికి తాళము వేయలేదు.

ఇక అసలు విషయము. దెబ్బలు తినుచున్న స్త్రీ పోలీసు స్టేషనుకు పోదు. పోయినచో ఊరంతయు తెలియును. పుట్టింటికి పోయినను, "సర్దుకుపోవాలమ్మా" యని నాలుగు దినములలో తిరిగి పంపుదురు. న్యాయస్థానమన్నచో ఆమెకు దారియే తెలియదు. కాని గర్భిణుల పరీక్షకు పోవుటను ఏ యత్తగారును అడ్డగింపదు. ఎందుకు పోయితివని ఎవరును అడుగరు. గర్భసమయమున నాలుగుసార్లయినను పరీక్ష జరుగవలెనని మన ప్రభుత్వ నియమము. ఎవరికిని అనుమానము కలుగకుండ ఆమె నాలుగుసార్లు దాటు గడప అది యొక్కటే.

అమెరికా దేశమున జూడిత్ మెక్‌ఫార్లేన్ అను నర్సు పండితురాలు ఈ గడప విలువను లెక్కలతో చూపినది. ఆమెయు ఆమె తోడివారును హ్యూస్టన్, బాల్టిమోరు నగరములలోని ప్రభుత్వ ప్రసూతి కేంద్రములలో 691 మంది గర్భిణులను ప్రశ్నించి 1992లో ఫలితములు ప్రకటించిరి. ఆరుగురిలో ఒకరు ఆ గర్భసమయమున హింసకు లోనైనవారు. అట్టివారు మొదటి పరీక్షకే గర్భము యొక్క చివరి మూడు నెలలలో వచ్చుట ఇతరులకంటె రెండింతలుగా నుండెను. ఆలస్యముగా వచ్చిన గర్భిణిని "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?" అని గద్దించుట మన నర్సులకు అలవాటు. ఆ గద్దింపుకు తగినది ఆమెయో, ఆమెను రానీయని వారో ముందుగా తెలిసికొనుట న్యాయము.

అంతకుముందు 1991లో హ్యూస్టన్‌లోనే కుటుంబ నియంత్రణ కేంద్రములలో ఆమె చేసిన మరియొక పరిశీలన ఇంకను విలువైనది. హింసను గూర్చిన ప్రశ్నలను కాగితముమీద అచ్చువేసి స్త్రీలచేత నింపించినపుడు నూటికి సుమారు 7 మంది మాత్రమే ఔననిరి. అవే ప్రశ్నలను నర్సు ఎదుట కూర్చుండి నోట నడిగినపుడు నూటికి 29 మంది ఔననిరి. కాగితము మారలేదు, స్త్రీల కష్టమును మారలేదు. ఎదుట నొక మనిషి కూర్చుండెను, అంతియే భేదము.

మన గ్రామములలోని పద్ధతిని చూతము. కోడలు ఒంటరిగా రాదు. అత్తగారో, ఆడపడుచో, భర్తయో వెంట వత్తురు. ఇది ప్రేమవలన జరుగునదే కావచ్చును. అధిక భాగమున అట్లే. నర్సమ్మ బల్ల ముందు ఇద్దరును కూర్చుందురు. "ఆకలవుతోందా?" అని అడిగినచో అత్తగారు, "శుభ్రంగా తింటోందండీ" అనును. "నిద్ర పడుతోందా?" అనినచో ఆమెయే, "పగలూ రాత్రీ నిద్రేనండీ" అనును. "ఇంట్లో అంతా బాగా చూసుకుంటున్నారా?" అను ప్రశ్నను ఆ సమయమున వేయుట కంటె వేయకుండుట మేలు. కోడలు తల వంచుకొని ఔననును. ఆ మాట రిజిస్టరులో చేరును. ఇక ఆ విషయము మూతపడిపోవును.

కావున ప్రతి గర్భిణిని ఒక్కసారియైనను ఒంటరిగా చూడవలెనను నియమము అవసరము. ఇంగ్లాండు దేశమున ప్రసూతి సేవలో ఈ నియమము చాల కాలమునుండి కలదు. గర్భిణి ఒంటరిగా నున్న మొదటి అవకాశముననే గృహహింసను గూర్చి మృదువుగా ప్రశ్నింపవలెనని 2021లో అచటి జాతీయ వైద్య ప్రమాణముల సంస్థ మరల స్పష్టముగా ప్రకటించినది. భర్త వెంటనే యుండు సందర్భములకై అచటి కొన్ని ఆస్పత్రులలో ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. మూత్రము పట్టి యిచ్చు గదిలోనికి స్త్రీ యొక్కతయే పోవును గదా! ఆ గదిలో గోడమీద చిన్న ప్రకటన అంటింపబడియుండును. ప్రక్కన రంగు చుక్కలుగల కాగితపు బిళ్ళలుండును. మాట్లాడదలచిన స్త్రీ ఒక బిళ్ళను మూత్రపు సీసామీద అంటించి తెచ్చి యిచ్చినచో, నర్సు ఏదో పరీక్ష మిషతో ఆమెను వేరుగా పిలుచును. ఖర్చు కానులలోనిది. మన ఆరోగ్య కేంద్రములలో దీనిని పెట్టుటకు బిళ్ళలకు కొదువ లేదు. తలుపు గడియ పడు మూత్రశాల యుండవలెను, అదియే కొదువ.

బిళ్ళలు లేకున్నను దారి యున్నది. కడుపు పరీక్ష చేయునపుడు తెర వేయుదురు. ఆ సమయమున వెంట వచ్చినవారిని బయట కూర్చుండుమనుట సహజమే. ఇది ఒకరిద్దరికి మాత్రము చేసినచో అనుమానము పుట్టును. అందరికి చేసినచో అది ఆస్పత్రి మర్యాద యగును. "అందరినీ ఐదు నిమిషాలు విడిగా చూస్తామండీ, ఇక్కడ పద్ధతి" అని నర్సమ్మ చెప్పినచో, ఏ మంచి భర్తకును అందులో నొచ్చుకొనుటకు కారణము లేదు. భర్తలు పరీక్షకు వెంట రావలెను, వచ్చుట మంచిది; ఐదు నిమిషములు బయట బల్లమీద కూర్చుండుటవలన వారి ప్రేమకు లోటు రాదు.

ప్రశ్న యెట్లు వేయవలెను? "నీ మీద గృహహింస జరుగుచున్నదా?" యని అడిగినచో పల్లెటూరి స్త్రీకి అర్థము కాదు, అర్థమైనను ఔననదు. భర్త కొట్టుటకు ఆమె అట్టి పెద్ద పేరు పెట్టుకొనియుండదు. "కడుపుతో ఉన్నప్పుడు చాలామంది ఆడవాళ్ళకి ఇంట్లో కష్టాలొస్తుంటాయి, అందుకని అందర్నీ అడుగుతాను. ఇంట్లో నీమీద ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా, అమ్మా? ఎవరన్నా అంటే భయమేస్తుందా? తిండికి, మందులకి అడ్డు పెడుతున్నారా?" ఈ తీరున అడుగుట మేలు. ఒకసారి కాదనినచో మూడవ నెలలో కాదనినది ఏడవ నెలలో ఔననవచ్చును. మధ్యలో నర్సు మీద నమ్మకము పుట్టవలెను గదా! పదునెనిమిది ఏండ్లు నిండని బాలిక గర్భవతియై వచ్చినపుడు మాత్రము, 2012 నాటి బాలల రక్షణ చట్టమును బట్టి ఆ సంగతిని అధికారులకు తెల్పుట విధియై యున్నది. ఆమెతో "ఎవరికీ చెప్పను" అని ముందుగా మాట యిచ్చుట మోసమగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఈ విషయమున వైద్యులకు మార్గదర్శక సూత్రములను వెలువరించినది. వచ్చిన ప్రతి స్త్రీని యంత్రమువలె ప్రశ్నింపుమని ఆ సంస్థ చెప్పలేదు. గాయములు, మాటిమాటికి గర్భస్రావము, కారణము తెలియని నొప్పులు, మనోవ్యాధి వంటి గురుతులు కనబడినపుడు అడుగుమన్నది. గర్భిణుల విషయమున విశేషముగా ఆలోచింపుమన్నది. కాని అడుగుటకు ముందు ఏకాంతమైన గది, రహస్యము కాపాడు కట్టుబాటు, శిక్షణ పొందిన మనిషి, తరువాత పంపుటకు ఒక చోటు ఉండవలెనని షరతు పెట్టినది. ఇది న్యాయమైన షరతు. పుండును విప్పి చూచి కట్టు కట్టకుండ పంపివేయుట వైద్యము కాదు.

ఔనని ఆమె చెప్పిన పిమ్మట నర్సు చేయవలసిన దేమి? మొదట వినుట. మధ్యలో తుంచక, "నువ్వేమన్నావ్?" అని ఎదురు ప్రశ్న వేయక వినుట. రెండవది నమ్ముట. ఉత్తర రామాయణ కథ ఇచటనున్న వారందరును ఎరిగినదే. నిండుచూలాలైన సీతను గంగాతీరమున విడిచిపోయినపుడు వాల్మీకి మహర్షి వచ్చి ఆమెను సాక్ష్యము అడుగలేదు. నీవు పాపమెరుగనిదానవని నాకు తెలియునని పలికి, ఆశ్రమములోని తాపస స్త్రీలకు అప్పగించెను. అయోధ్యకు పోయి రాజీ చేయుదునని బయలుదేరలేదు. కాన్పు సుఖముగా జరుగుటకు కావలసినది చేసెను. నేటి వైద్య సూత్రములు పుటలకొలది చెప్పునది దాదాపు ఇదియే. "ఇందులో నీ తప్పు లేదమ్మా, కొట్టే హక్కు ఎవరికీ లేదు" అను రెండు మాటలను ఆమె అదివరకు ఎవరి నోటను వినియుండదు.

చేయకూడని దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మంచి మనసుగలవారే ఈ పొరపాటు చేయుచున్నారు గనుక. కొందరు డాక్టర్లును, నర్సులును, ఊరి పెద్దలును విన్న వెంటనే భర్తను పిలిపించి మందలింతురు. ఆతడు అచట తల వంచుకొని నిలుచును. ఇంటికి పోయిన పిమ్మట ఆ మందలింపునకు లెక్క తీర్చుకొనునది భార్యమీదనే. "ఆస్పత్రిలో చెప్పావా?" అను మాటతో మొదలైన ఆ రాత్రి తరువాత ఆమె మరల ఆస్పత్రిలో నోరు విప్పదు, ఆస్పత్రికే రాకపోవచ్చును. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చుండబెట్టి రాజీ చేయుటయు అట్టిదే. భయపడు మనిషిని, భయపెట్టు మనిషిని ఒకే బల్లమీద కూర్చుండబెట్టినపుడు మాట్లాడునది ఒక్కరే. "వెంటనే వదిలి వచ్చేయ్" అని తొందరపెట్టుటయు తగదు. విడిచి వచ్చు సమయమే మిక్కిలి అపాయకరమైనదని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఎప్పుడు, ఎట్లు అను నిర్ణయము ఆమెది.

ఆమె ఇంటికే తిరిగి పోదలచినచో, క్షేమోపాయము చెప్పి పంపవలెను. గొడవ మొదలగు సూచన కనబడినపుడు కత్తిపీట, పొయ్యి ఉన్న వంటయింటివైపు గాక వీధి తలుపువైపు జరుగుట. నమ్మదగిన పొరుగింటామెతో ఒక గురుతు ఏర్పరచుకొనుట. ఆధారు, రేషను కార్డులు, బ్యాంకు పుస్తకము, కొద్ది డబ్బు, రెండు చీరలు ఎచటనైన దాచియుంచుట. 108 వాహనమునకును, 112 కును, 181 మహిళా సహాయవాణికిని ఫోను చేయు విధము తెలిసికొనుట. ఆ సంఖ్యలను కాగితముమీద వ్రాసి యిచ్చుట కూడ ఆలోచించి చేయవలెను. కాగితము ఇంటిలో దొరికినచో ప్రమాదము. గర్భిణికిచ్చు తల్లీబిడ్డల కార్డుమీద ఈ విషయమును ఒక్క ముక్కయు వ్రాయరాదు. ఆ కార్డు ఆమెది అను మాటయే గాని, ఇంటిల్లిపాదియు చదువుదురు. వ్రాయవలసినది ఆస్పత్రిలో నిలుచు రికార్డులో, స్పష్టముగా: ఎచట గాయము, ఎంత పొడవు, ఎవరు కొట్టిరని ఆమె చెప్పినది. "జారిపడినది" అని వ్రాసిన ఒక్కమాటవలన రేపు న్యాయస్థానములో ఆమె వాదము కూలిపోవును.

ఈ పనులన్నియు మన దేశమున సాధ్యమేనా యని సందేహించువారికి బొంబాయిలోని బాంద్రా భాభా ఆస్పత్రి సమాధానము. 'సెహత్' అను ఆరోగ్య పరిశోధన సంస్థయు, బొంబాయి నగరపాలక సంస్థయు కలిసి 2001లో ఆ ఆస్పత్రిలోపలనే 'దిలాసా' అను కేంద్రమును తెరచిరి. దిలాసా యనగా ఓదార్పు, ధైర్యము. ప్రత్యేక భవనము గాదు, ఊరి చివరగాదు, ఆస్పత్రిలోనే. ఏ స్త్రీయైనను జ్వరమనియో, పరీక్షయనియో చెప్పి అచటికి పోవచ్చును. ఆస్పత్రి సిబ్బందికే శిక్షణనిచ్చి ఆ పనిలో నియోగించిరి. తరువాత ఆ పద్ధతి బొంబాయిలోని మరికొన్ని ఆస్పత్రులకు వ్యాపించినది. కేరళ రాష్ట్రమున 'భూమిక' యను పేరుతో ప్రభుత్వాస్పత్రులలో ఇట్టి కేంద్రములు వెలసినవి. మన తెలుగు జిల్లాలలో 2015 నుండి అమలులోనున్న పథకము క్రింద సఖి కేంద్రములు కలవు. అచట వైద్యము, పోలీసు సాయము, న్యాయ సలహా ఒకేచోట ఉచితముగా లభించును. ఐదు దినములవరకు తలదాచుకొనవచ్చును. అయితే జిల్లా కేంద్రమునకు బస్సెక్కి పోవుటకు ఇంటిలో కారణము చెప్పవలెను. గర్భిణుల పరీక్షకు అట్టి కారణము అక్కరలేదు. రెంటికిని గల భేదమిదియే.

ఇన్ని చేసిన పిమ్మట హింస తగ్గునా? ఉన్న సంగతి చెప్పుట మంచిది. ప్రశ్నించుటవలన ఎక్కువమంది బయటపడుదురని పరిశోధనలు నిశ్చయముగా చెప్పుచున్నవి. ప్రశ్నించుట యొక్కటియే దెబ్బలను ఆపునని అవి చెప్పుటలేదు. ప్రశ్న వెనుక సహాయము చేర్చినపుడు ఫలము కనబడినది. హాంకాంగులో 2005లో ప్రకటింపబడిన పరిశోధనలో, హింసకు లోనైన 110 మంది గర్భిణులలో సగమునకు ఒక అర్ధగంట సేపు ఏకాంతమున ధైర్యము, క్షేమోపాయములు బోధించిరి. కాన్పైన ఆరువారములకు చూడగా, మాటల హింసయు, చిన్న దెబ్బలును వారికి తగ్గెను, మనోవ్యాధియు తగ్గెను. తీవ్రమైన దెబ్బల విషయమున భేదము కనబడలేదు. అర్ధగంట మాటతో ఆగునవి కొన్ని, ఆగనివి కొన్ని. ఆగనివాని కొఱకే చట్టము.

చట్టమును గూర్చి రెండు ముక్కలు చాలును. గృహహింసనుండి స్త్రీల రక్షణ చట్టము 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. స్త్రీగాని, రక్షణాధికారిగాని కోరినపుడు ఆస్పత్రివారు వైద్యసహాయము నిరాకరింపరాదని అందులోని 7వ సెక్షను చెప్పుచున్నది. వైద్య పరీక్ష నివేదిక ప్రతిని ఆమెకు ఉచితముగా ఇయ్యవలెనని ఆ చట్టపు నియమములు విధించినవి. ఇల్లు భర్త పేరనో, మామ పేరనో యున్నను ఆమెను వెళ్ళగొట్టరాదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇయ్యగలడు. ఇదంతయు జైలుకు పంపకుండనే జరుగవచ్చును. "మొగుణ్ణి జైల్లో పెట్టించిందన్న పేరు నాకొద్దు" అను స్త్రీలు ఈ మాట తెలిసికొనుట మేలు.

గ్రామమున ఆశా కార్యకర్త కలదు. ఆమె ఆ యూరి స్త్రీయే, ఆ వీధి కోడలే. ఏ యింటిలో ఏమి జరుగుచున్నదో డాక్టరుకంటె ఆరు నెలలు ముందుగా ఆమెకు తెలియును. ఇది ఆమెకు బలము. అడ్డంకియు ఇదియే. కొట్టినవాడు ఆమెకు మరిదియో, బావయో, అప్పిచ్చిన ఆసామియో కావచ్చును. ఆమె నోట మాట జారినచో చెరువుగట్టు వరకు పోవును. ఆమెయే తన యింటిలో దెబ్బలు తినుచుండవచ్చును. అట్టి సంగతి ఎవరును అడుగరు. ఆమె మీద ఈ బరువు మోపు ముందు, ఆమె మాట్లాడుకొనుటకు ఒక మనిషిని చూపవలెను. పై యూరినుండి వచ్చు నర్సమ్మకు చెప్పుటయే కొందరు స్త్రీలకు సుళువు. కొందరికి ఆశా కార్యకర్తయే సుళువు. ఎవరికి చెప్పవలెనో ఎంచుకొను వీలు వారికి కల్పింపవలెను.

తొలి కాన్పునకు పుట్టింటికి పోవు ఆచారము ఈ విషయమున గొప్ప మేలు చేయుచున్నది. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో తల్లి చేతికి చేరిన చూలాలు కొన్ని నెలలైనను నిద్రపోవును. ఎవరు కనిపెట్టిరోగాని మంచి ఏర్పాటు. చిక్కు తిరిగి వచ్చునపుడు కలదు. కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తల్లిని బిడ్డను చూడవలెను. ఆ రాకపోకలన్నియు పుట్టింటి యూరిలోనే జరిగిపోవును. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో అత్తవారింట అడుగు పెట్టునాటికి, ఆమె కథ తెలిసిన నర్సు వెనుకటి యూరిలో నుండును, ఎదుట నున్న నర్సుకు ఏమియు తెలియదు. కార్డుమీద వ్రాయరాని సంగతి గనుక, అది నోటిమాటగనే, ఆమె యనుమతితోనే, పుట్టింటి యూరి నర్సునుండి అత్తవారి యూరి నర్సుకు ఫోనుమీద చేరవలసియున్నది.